రెండిట్లో ఒకటి

తెలుగువాళ్లు దానికి పెట్టిన పేరు పిల్లిగద్ద. గడ్డినేలమీద తక్కువ ఎత్తున పొంచి పొంచి ఎగిరే ఆ తీరు చూస్తే పేరు అతికినట్టు సరిపోయిందనిపిస్తుంది. చిక్కల్లా ఆ ఒక్క పేరుకింద పక్షులు ఒకటి కాకపోవడమే.

చలికాలంలో కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డిబీళ్లకి కజకస్తాన్ మైదానాలవైపునుంచి వచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు: మాంటేగు పిల్లిగద్ద, పాలిడ్ పిల్లిగద్ద. మగవాటితో అంత పేచీ లేదు. మాంటేగు మగదానికి బూడిదరంగు రెక్కమీద నల్లని అడ్డపట్టీ ఉంటుంది. పాలిడ్ మగది వెలిసిన బట్టలా ఉండి, రెక్క కొసన కాస్త నలుపు మాత్రం చూపిస్తుంది. ఆడవీ, పిల్లలూ ఉన్నాయి చూశారూ, తంటా అంతా వాటితోనే. అన్నీ గోధుమరంగే, అన్నిటికీ తోక మొదట తెల్లమచ్చే. మెడచుట్టూ లేతరంగు పట్టెడ కనిపిస్తే పాలిడ్ అనుకోవాలట. పట్టెడ చూపించడానికి అది మనకోసం ఆగుతుందా!

అలాంటప్పుడు నిక్కమైన పరిశీలకుడు తన పుస్తకంలో "రెండిట్లో ఒకటి" అని రాసి ఊరుకుంటాడు. పెళ్లిచూపుల్లో పావుగంట చూసి మనిషిని తేల్చేసే మనకి ఈ మాట చేతకానితనంలా వినిపిస్తుంది. నాకైతే దానిమీద గొప్ప గౌరవం.

"ఏదైతేనేమండీ, ఒక్క తాను ముక్కలే గదా!" అనవచ్చు. మిడతల్ని తినిపెట్టేవి కనక రైతుకి రెండూ ఒకటే. ఆయన మాట తప్పు కాదు. లెక్క రాసేవాడికి ఆ వెసులుబాటు లేదు. పాలిడ్ సంఖ్య తగ్గుతోంది, ప్రమాదానికి చేరువైన జాతుల జాబితాలో ఉంది. అనుమానం ఉన్నవన్నీ దాని ఖాతాలో వేస్తే లేని పక్షులు కాగితంమీద పుట్టుకొస్తాయి, ఇక ఫరవాలేదనుకుంటాం. మాంటేగు ఖాతాలో వేస్తే ఉన్నవీ మాయమవుతాయి. రాసినవాడికి ఏమీ కాదు, అనుభవించేది పక్షి.

మాంటేగు అన్నది ఒక ఇంగ్లీషు సైనికుడి పేరు. ఆ రోజుల్లో హెన్ హారియర్ అనే మరో పిల్లిగద్దలో బూడిదరంగు మగదీ, గోధుమరంగు ఆడదీ వేర్వేరు జాతులని చాలామంది నమ్మేవారు. జార్జి మాంటేగు గూటిలోని పిల్లల్ని తెచ్చి పెంచి, రంగు మారేదాకా కనిపెట్టుకుని ఉండి, రెండూ ఒకే కాపురమని తేల్చాడు. ఆయనే 1802లో, ఒకటే అనుకుంటున్నవాటిలోంచి ఇంకో జాతిని విడదీశాడు. ఇప్పుడు ఆయన పేరు మోస్తున్నది అదే. కలపడానికీ, విడదీయడానికీ ఆయనకు పనికొచ్చింది ఓపికే.

ఇంతా చేస్తే, మాంటేగూ పాలిడూ ఎప్పుడైనా జతకట్టిన దాఖలాలు కూడా ఉన్నాయి. ఆ పిల్లల విషయంలో "రెండిట్లో ఒకటి" అన్నా చెల్లదు. దూరాన అలాంటిది కనబడితే పరిశీలకుడు ఫొటో తీసుకుంటాడు, తేదీ వేసుకుంటాడు, పేరు రాయవలసిన గడిని ఖాళీగా వదిలేస్తాడు.