సెలవు కూడా జీతంలో భాగమే

కువైట్‌లో ఇంకా తెల్లవారలేదు. రాయచోటి, రాజంపేట వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ వెళ్లిన మన ఆడపడుచులు ఎందరో అక్కడి వంటిళ్లలో పనికి లేచే వేళ దగ్గరపడుతోంది.

ఇళ్లలో పనిచేసేవారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు. వారానికి ఒక రోజు విశ్రాంతి, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు ఇవ్వాలి. మంచి చట్టమే. కానీ పనిచేసే చోటే పడుకునే చోటు అయినప్పుడు గంటలు లెక్కపెట్టేదెవరు? వీసా యజమాని చేతిలో ఉంటే సెలవు అడగడానికి నోరెలా వస్తుంది? అందుకే చాలామంది రెండేళ్లకోసారి గానీ ఇంటి ముఖం చూడరు.

సెలవుకు ఇంటికి వచ్చిన ఆ నెల కూడా వాళ్లది కాదు. అప్పుల లెక్కలు, ఇంటి మరమ్మతు, ఆస్పత్రి, బంధువుల పెళ్లి. కన్నబిడ్డేమో కొత్త మనిషిని చూసినట్టు అమ్మమ్మ వెనక దాక్కుంటుంది. ఆ బిడ్డ దగ్గరయ్యేసరికి టికెట్ తేదీ వచ్చేస్తుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

మీ ఇంటి నుంచి ఎవరైనా వెళ్తుంటే, ఒప్పందాన్ని తెలుగులో చదివించుకోండి. జీతంతో పాటు వారపు సెలవు, ఏడాది సెలవు ఎంతో, రానుపోను టికెట్ ఎవరు కొంటారో అడగండి. సంతకానికి ముందే అడగండి.