కూరకుండలో వేయక ముందు

ధ్యానభాగము: 2 రాజులు 4:38–41



ఫాల్గుణము వచ్చినదనగా మన దమ్మపేట అడవులలో మోదుగ చెట్లు ఆకులు రాల్చి యెఱ్ఱగా పూయును. వెనువెంటనే ఇప్పపూవు రాలుట మొదలగును. తెల్లవారుజామున చెట్టుక్రింద నేల తెల్లబారి యుండగా స్త్రీలును పిల్లలును గంపలు పట్టుకొని యేరుకొందురు. తునికి చిగురించును, మొర్రికాయ ముదురుచుండును. ఈ దినములలో అడవినడక కన్నులపండువుగా నుండును. అయితే చేయి చాచి ఆకునో కాయనో కోసిన క్షణమున ఒక ప్రశ్న పుట్టుచున్నది. దీనిని మనము ఎరుగుదుమా?

గిల్గాలులో కరవు కాలమున జరిగిన సంగతి మీకు తెలిసినదే. ప్రవక్తల శిష్యులకు వంటచేయుటకై ఎలీషా పెద్ద కుండ పెట్టించెను. ఒకడు కూరాకుల కొరకు పొలములోనికి పోయి, ఒక అడవి తీగెను చూచి, దాని కాయలు ఒడినిండ కోసికొని వచ్చి, తరిగి కుండలో వేసెను. అవి యేమిటో వారికి తెలియదు. రుచిచూచినవారు కుండలో మరణమున్నదని కేకలు వేసిరి. ఆ కాయ చేదుపుచ్చయై యుండునని వ్యాఖ్యాతలనేకులు తలంచుదురు. చూపునకు చిన్న పుచ్చకాయవలె ముచ్చటగా నుండును; లోని గుజ్జు మాత్రము కడుపును కోసివేయు విరేచనకారి.

ఆ మనుష్యుని మనమేమందుము? చెడ్డవాడనుటకు వీలులేదు. తక్కినవారు కూర్చుండియుండగా లేచి పోయినవాడు అతడే. తన కొరకు కాక అందరి కొరకు కోసెను. ఎలీషా అతనిని గద్దించినట్లు వ్రాయబడలేదు. అయినను విషము విషమే. తెలియక చేసిన కీడు తప్పగునా, కాదా? మన గ్రామములలో ఈ ప్రశ్నకు జవాబు త్వరగా చెప్పివేయుదురు: "పాపము, తెలియక చేసినాడులే." అంతటితో మాట ముగియును. నాకు అది చాలదని తోచుచున్నది.

మన అడవిలోనే యున్న రెండు చెట్లను చూడుడి. ఒకటి ముష్టి, రెండవది చిల్ల. దీనినే కొందరు ఇండుప అందురు. వృక్షశాస్త్రజ్ఞులు రెంటికిని స్ట్రిక్నాస్ అను ఒకే ఇంటిపేరు పెట్టిరి. ఆకులను చూచినయెడల నిజముగా అక్కచెల్లెండ్రే. నున్నగా నిగనిగలాడుచు, తొడిమె దగ్గరనుండియే మూడు లేక అయిదు ఈనెలు చీలిపోవును. ముష్టిపండు నారింజవలె మెరయును, లోపల బిళ్లలవంటి గింజలుండును. ఈ జాతి గింజలలోని విషమును 1818లో పెల్లెటియేర్, కవెంతూ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞులు వేరుచేసి చూపిరి. అది దేహములోనికి పోయినవానికి కండరములు కొయ్యబారి ఊపిరి నిలిచిపోవును. చిల్లపండు రేగుపండంతయే. పండినప్పుడు నల్లబడును, లోపల ఒకే గుండ్రని గింజ. ఆ గింజను కుండ లోపలివైపున అరగదీసి వాగునీరు పోసినయెడల బురద అడుగునకు దిగి నీరు తేటపడును. దాని లాటిను నామములోని రెండవ మాటకు "త్రాగువారిది" అని అర్థము. ఒకే యింటిపేరుగల రెండు చెట్లలో ఒకటి నీటిని తేర్చును, మరియొకటి ప్రాణము తీయును. ఒకదానికి బదులు మరియొకదానిని తెచ్చినవాని మనస్సు మంచిదైనంతమాత్రమున కుండలోని నీరు మంచిది కాజాలదు. ప్రభువు ఆకులవలన తెలిసికొనుడని చెప్పక ఫలములవలన తెలిసికొనుడని చెప్పిన మాట (మత్తయి 7) అడవి తిరిగినవారికి బాగుగా అర్థమగును.

పేరు తెలియుట ఒక్కటే చాలదు. అడవి దుంపలలో కొన్ని పచ్చిగా తిన్నయెడల విషము. వాటినే సన్నగా తరిగి, పారుచున్న వాగునీటిలో నానవేసి, ఉడికించి తినుట కోయ పెద్దలు ఎరుగుదురు. కరవు దినములలో ఈ యెరుక అనేక కుటుంబముల ప్రాణము నిలిపినది. ఇది బడిలో నేర్చినది కాదు, తల్లి వెంట నడిచి నేర్చినది.

గొప్ప విద్వాంసులు కూడ ఈలాగుననే అడిగి నేర్చిరి. తరంగంబాడి ప్రొటెస్టంటు మిషనునకు వైద్యుడుగా 1768లో వచ్చిన కోనిగ్ దొర మొక్కలను వెదకుటలో జీవితము గడిపి, 1785లో కాకినాడయొద్ద జగన్నాథపురములో కన్నుమూసెను. సామర్లకోటలో నుండిన రాక్స్‌బరో దొర కోరమండల తీరపు మొక్కలనుగూర్చి వ్రాసిన గ్రంథము 1795 మొదలుకొని అచ్చయ్యెను. అతడు మొక్కల తెలుగు పేర్లను కూడ వ్రాసి యుంచెను. 1859లో వాల్టర్ ఎలియట్ దొర "ఫ్లోరా ఆంధ్రికా" అను పేర తెలుగు సీమ మొక్కల పేర్ల పట్టికనే ప్రకటించెను. జ్వరమునకు బెరడు వాడు సోమిచెట్టునకు శాస్త్రనామము "సొయ్‌మిడా" అని యున్నది. అది "సోమిద" అను మన తెలుగు మాటయే. ఆ పేర్లు వారికి చెప్పినవారెవరు? ఈ నేలమీది కూలివారు, పసరు నూరువారు, అడవి యెరిగినవారు. చెప్పినవారి పేర్లు మాత్రము మనకు మిగులలేదు.

ఇప్పుడు దమ్మపేట, అశ్వారావుపేట ప్రాంతములలో ఎటు చూచినను పామాయిల్ తోటలే. వాటివలన రైతునకు ఆదాయము కలుగుచున్నది గనుక నేను తప్పుపట్టుట లేదు. కాని ఆ తోటలమధ్య పెరిగిన పిల్లవానికి చిల్లకును ముష్టికిని భేదము ఎవరు చెప్పుదురు? ఫోనుతో బొమ్మ తీసి మొక్క పేరు అడుగు ఉపాయము వచ్చినది. మంచిదే. ఆకులు అక్కచెల్లెండ్రవలె నున్నచోట ఫోను కూడ తడబడవచ్చును. తడబడినను అది మన కుండలోనిది తినదు.

గిల్గాలు మనుష్యునియొద్దకు మరల రండి. ఎరుగకపోవుట అతని తప్పు కాదు, అన్నియు ఎరిగినవాడెవడు? ఒంటరిగా కొంచెము కొరికి చూచియుండినయెడల ఆ నష్టము తనదే యగును. అతడు తరిగి వేసినది అందరు తినబోవు కుండలో. అడుగుటకు ఎలీషా అచ్చటనే యున్నాడు. తోడి శిష్యులును ఉన్నారు. ఒడి విప్పి "ఇది ఏమి?" అని అడుగుటకు ఎంతసేపు పట్టును? మనలోను కామెర్లకని, పాముకాటుకని ఎవరో చెప్పిన ఆకు తెచ్చి పొరుగువాని బిడ్డకు నూరిపోయువారున్నారు. ప్రేమతోనే పోయుదురు. ఆ బిడ్డను ఆసుపత్రికి చేర్చవలసిన గడియలు ఆ ప్రేమలోనే గడచిపోవును.

మోషే ధర్మశాస్త్రము తెలియక చేసినదానికిని బలి అర్పింపవలెనని నియమించినది (లేవీయకాండము 5). యజమానుని చిత్తమెరుగని దాసునికి తక్కువ దెబ్బలని ప్రభువు చెప్పెను గాని (లూకా 12) దెబ్బలే లేవని చెప్పలేదు. సిలువమీద, తామేమి చేయుచున్నారో యెరుగనివారి కొరకు ఆయన క్షమాపణ అడిగెను. ఎరుగకపోవుటయే నిర్దోషత్వమైనయెడల క్షమాపణ ఎందుకు? అడిగెను గనుక అది దోషమే. అడిగినవాడు ప్రభువు గనుక ఆ దోషమునకు క్షమాపణయు కలదు. ఈ రెంటిలో ఒకదానిని వదలిపెట్టినవాడు మనుష్యులయెడల కఠినుడగును, లేదా నిర్లక్ష్యపరుడగును.

ఎలీషా కుండను పారబోయమనలేదు, కోసినవానిని వెళ్లగొట్టలేదు. పిండి తెమ్మని చెప్పి కుండలో వేసి, జనులకు వడ్డింపుమనెను. ఆ మనుష్యుడు మరుసటి దినమున మరల కూరాకులకు పోయెనో లేదో వ్రాయబడలేదు. పోయియుండునని నా తలంపు. అయితే ఈసారి ఎరిగినవారినొకరిని వెంటబెట్టుకొని పోయియుండును.

ఈ యేడు ఇప్పపూవు కాలములో ఆదివారపు బడి పిల్లలను అడవి అంచునకు తీసికొనిపోవు ఉపాధ్యాయులు, సంఘములోని కోయ అవ్వను ఒకరిని బ్రతిమాలి ముందు నడువనియ్యవలెను. ఆమె చెప్పు పేర్లను పిల్లలు కోయమాటలోను తెలుగులోను పలుకవలయును. మొదట ముష్టిచెట్టును చూపుమని ఆమెను అడుగుడి.