అసలు రూపం

అమ్మ పాత వాషింగ్ మెషిన్‌ని మళ్ళీ నడిపిద్దామని మొన్న సెలవుల్లో పూనుకున్నాను. రిపేరు పనే కదా అనుకున్నాను. రెండు రోజులు తిరిగేసరికి, దాన్ని ఏ రూపానికి తేవాలన్న ప్రశ్న దగ్గర ఆగిపోయాను.

1993లో వాయిదాల మీద కొన్న రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ మెషిన్ అది. ఒక తొట్టి ఉతకడానికి, ఇంకొకటి పిండడానికి. నీళ్ళు పట్టడం, వదలడం, తడిసి బరువెక్కిన బట్టల్ని ఒక తొట్టిలోంచి ఇంకోదాన్లోకి ఎత్తి వెయ్యడం మనిషి పని. సెమీ అన్న మాటలో మిగిలిన సగం అమ్మే. ఉదయం స్కూలుకి వెళ్ళేలోపు ఆ సగం పూర్తయ్యేది.

విజయవాడలో మా ఇంటి పెరటి వరండాలో ఏళ్ళ తరబడి మూలపడి ఉందది. స్విచ్ వేస్తే గుర్రుమంటుంది గానీ తొట్టి అడుగున చక్రం తిరగదు. వీధి చివర షాపులో మెకానిక్కూ నేనూ కలిసి వెనక రేకు విప్పాం. మోటారు బాగానే ఉంది. మోటారు తిరగడం మొదలెట్టడానికి ఊతమిచ్చే కెపాసిటర్ పోయింది. బెల్టు పగుళ్ళిచ్చింది. స్ప్రింగుతో నడిచే టైమరు మాత్రం టిక్ టిక్‌మంటూనే ఉంది. చక్రం కింద ఇరుసుకి చీరపోగులు చుట్టుకుపోయి, వాటిలో రెండు పిన్నీసులు, ఒక జాకెట్టు హుక్కు.

ఇంకో రెండు కనిపించాయి. నీళ్ళు పోయే గొట్టం చిల్లుపడిన చోట సైకిల్ ట్యూబు ముక్క బిగించి కట్టి ఉంది. ఉతికే తొట్టి మూత విరిగిన చోట కాల్చిన సూదితో రంధ్రాలు చేసి, నైలాన్ దారంతో వరసగా కుట్టి ఉంది. రెండూ అమ్మ చేసినవే.

"ఈ అతుకులన్నీ పీకేసి అసలు రూపానికి తెచ్చేస్తా మేడమ్" అన్నాడు మెకానిక్.

అసలు రూపమంటే ఏది? ఫ్యాక్టరీలోంచి బయటికొచ్చిన రోజున ఉన్నదా? అంటే అమ్మ చెయ్యి ఇంకా పడని రూపమా? పాత కావ్యాల పరిష్కరణలో లేఖకుల చేతి జాడలన్నీ తుడిచేసి మూలపాఠం కోసం వెతకడం నాకు అలవాటే. ఆ జాడల్లోనే ఒక చరిత్ర ఉందని విద్యార్థులకి చెబుతుంటాను కూడా. మెకానిక్ చేసిన దానికి బిల్లుంటుంది. అమ్మ చేసినదాన్ని ఇంట్లో ఎవరూ రిపేరు అని కూడా అనలేదు.

2009 మహిళా దినోత్సవానికి వాటికన్ పత్రిక ఒకటి, ఇరవయ్యో శతాబ్దంలో పాశ్చాత్య స్త్రీల విముక్తికి గర్భనిరోధక మాత్ర కన్నా వాషింగ్ మెషినే ఎక్కువ తోడ్పడి ఉండొచ్చని రాసింది. అంతకు చాలా ముందే, 1983లో, అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో ఇంకో సంగతి చూపించింది. బయట లాండ్రీలూ, చాకలి స్త్రీలూ చేసే పని మెషిన్‌తో పాటు ఇంట్లోకి వచ్చి గృహిణి మీద పడింది. శుభ్రత గురించిన అంచనాలూ పెరిగాయి.

మా ఇంట్లోనూ అంతే. మెషిన్ రాకముందు బట్టలు ఒక చాకలామె పట్టుకెళ్ళేది. మెషిన్ వచ్చాక ఆమెని రావద్దన్నాం. వారానికి రెండుసార్ల ఉతుకు రోజూ ఉతుకైంది. ఒక కులానికి కట్టబెట్టిన చాకిరీ మా ఇంట్లో ఒక స్త్రీ చాకిరీ అయింది. దాన్నే మేం ప్రగతి అనుకున్నాం.

ఇవన్నీ మనసులో పెట్టుకుని, "ట్యూబు ముక్క అలాగే ఉంచేద్దామమ్మా, నువ్వు కట్టింది కదా" అన్నాను.

అమ్మ నావైపు వింతగా చూసింది. "గొట్టం కొనడానికి నా జీతంలోంచే డబ్బులు అడగాల్సొస్తుందని అలా కట్టాను. దాన్ని దాచుకుంటావా? తీసెయ్." కాసేపాగి, "మూత మాత్రం ఉండనీ. అది బాగా కుట్టాను" అంది.

నాకు రెండూ ఒకలాగే కనిపించాయి. రెండూ అమ్మ శ్రమే, రెండూ భద్రపరచదగ్గవే అనుకున్నాను. ఒకటి అమ్మకి అవమానం, ఇంకొకటి పనితనం. ఆ తేడా మెషిన్‌ని ఎంత విప్పి చూసినా నాకు తెలిసేది కాదు. స్త్రీల శ్రమని వెలికి తీస్తున్నామని చెప్పుకునే మనం, ఏది గుర్తుండాలో ఏది పోవాలో ఆ స్త్రీలని ఎన్నిసార్లు అడిగాం?

కొత్త గొట్టం వేయించాం. కెపాసిటర్, బెల్టు మార్పించాం. చక్రం తిరిగింది. కుట్లున్న మూత దాని మీదే ఉంది. ఆ చాకలామె గుర్తు మాత్రం మెషిన్ మీద ఎక్కడా లేదు. ఏది ఉంచాలో ఏది తీసెయ్యాలో ఆమెని అడుగుదామంటే, తర్వాత ఆమె ఎక్కడికి వెళ్ళిందో, ఎలా బతికిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పేరు అమ్మకి కూడా గుర్తురాలేదు.