సగం అల్లిన మంచం

ఒక ఊళ్ళో అరవై దాటిన రైతు ఇల్లాలు ఉండేది. నాట్లు వేసి, కోతలు కోసి, బిందెలు మోసి బతికిన మనిషి. ఒక వేసవిలో ఆమెకు నడుము పట్టేసింది. నాలుగు రోజుల్లో పోతుందనుకున్న నొప్పి నాలుగు నెలలైనా పోలేదు.

కొడుకులూ కోడళ్ళూ మంచివాళ్ళు. ఆమెను మంచం దిగనివ్వలేదు. నీళ్ళ చెంబు చేతికే అందించారు, అన్నం మంచం దగ్గరికే తెచ్చారు, చీపురు పట్టుకోబోతే లాక్కున్నారు. తైలం రాశారు, కాపడం పెట్టారు, పట్నం నుంచి నడుం బెల్టు తెచ్చారు. అన్నీ ప్రేమతో చేసినవే. ఆ ఇంటిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. అయినా నొప్పి తగ్గలేదు. మొదట్లో గడప దాకా నడవగలిగిన మనిషికి పోనుపోను లేచి నిలబడితేనే కాళ్ళు వణికేవి. వంగితే లోపల ఏదో విరిగిపోతుందన్న భయం కూడా పట్టుకుంది.

చివరికి ఇంట్లోవాళ్ళు తప్పంతా మంచానిదే అనుకున్నారు. నులక వదులై కుక్కిమంచమైంది కాబట్టి, బిగించి అల్లిస్తే నడుము కుదుటపడుతుందని పొరుగూరి నుంచి మంచాలల్లే ముసలాయనను పిలిపించారు.

ఆయన వచ్చి పాత నులకంతా విప్పేశాడు. వేపచెట్టు కింద ఖాళీ చట్రం పెట్టి, అటువైపు నిలబడి నులక బిగువుగా లాగడానికి ఆ ఇల్లాలినే రమ్మన్నాడు. కోడళ్ళు తామొస్తామన్నా ఒప్పుకోలేదు. మొదటి రోజు ఆమె నాలుగు వరసలకు చేయి వేసింది. నడుము సలిపింది. ఆయన అక్కడితో ఆపి వెళ్ళిపోయాడు. మర్నాడు ఇంకో వరస కలిపాడు. ఒకనాడు నొప్పి బాగా ఎక్కువైంది. ఆ రోజు కూడా పని మానలేదు, వరసలు సగానికి తగ్గించాడు. రెండు రోజులు అలాగే ఉంచి, మళ్ళీ మెల్లగా పెంచాడు. మంచం లేక రాత్రిళ్ళు ఆమె చాప మీద పడుకుంది. కిందికి కూర్చోవడం, చేతులూని లేవడం తప్పలేదు.

అల్లిక కుదరలేదంటూ విప్పి, మళ్ళీ మొదలుపెట్టిన రోజులూ ఉన్నాయి. పూటలో అయ్యే పనిని నెలన్నర సాగదీశాడని కొడుకులు విసుక్కున్నారు. ఆయన మాత్రం చివర్లో ఒక్క పూట కూలే తీసుకున్నాడు. ఆయనను సాగనంపడానికి ఆమె చెరువు కట్ట దాకా నడిచి వెళ్ళి, ఒంటరిగా తిరిగొచ్చింది. నడుములో నొప్పి కొంత మిగిలే ఉంది. పగటిపూట ఆ మంచం మాత్రం గోడకే ఆని ఉండిపోయింది.

ముసలాయన ఆమెకు ఇచ్చిన మందు రోజురోజుకీ కొద్దికొద్దిగా పెరిగే కదలిక: మూడు నెలలు దాటిన నడుము నొప్పిలో చాలాసార్లు, కదిలినప్పుడు నొప్పి పుట్టినంత మాత్రాన ఎముకో డిస్కో దెబ్బతింటున్నట్టు కాదు, పడకలోనే ఉండిపోతే మాత్రం కండరాలు సన్నగిల్లి, భయం ముదిరి, నొప్పి పాతుకుపోతుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్ద వయసువాళ్ళకు కూడా వ్యాయామాన్ని సూచించి, నడుం బెల్టులు మామూలుగా వాడవద్దన్నాయి. 2024లో లాన్సెట్ ప్రచురించిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, నొప్పి నుంచి కోలుకున్నాక ఫిజియోథెరపిస్టు సలహాతో నడక క్రమంగా పెంచుకున్నవాళ్ళలో నొప్పి తిరగబెట్టడానికి పట్టిన మధ్యస్థ కాలం 208 రోజులు, అలా చేయనివాళ్ళలో 112 రోజులు. కాళ్ళు మొద్దుబారినా, పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా, నొప్పితో పాటు జ్వరమో కారణం తెలియని బరువు తగ్గుదలో ఉన్నా వ్యాయామం సంగతి తర్వాత, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.