పాటకు తీర్చవలసిన ఋణం

జంధ్యాల పౌర్ణమి నాడు ఋషులకు తర్పణం వదలడం మన ఆచారం. 2020లో ఆ పౌర్ణమి ఆగస్టు 3న వచ్చింది. మర్నాడే పార్వతీపురంలో ప్రజాకవి, గాయకుడు వంగపండు ప్రసాదరావు గారు కన్నుమూశారు. 77 ఏళ్లు. కరోనా భయంతో ఊళ్లు తలుపులు వేసుకున్న రోజులవి. మన పల్లెల్లో ఎవరైనా పోతే భజన బృందం తాళాలు పట్టుకుని తెల్లవార్లూ తత్వాలు పాడుతుంది. ఊరూరా తిరిగి పాడిన మనిషికి ఊళ్లన్నీ కలిసి అలా పాడి పంపే వీలు లేకపోయింది. ఆ వెలితి ఉత్తరాంధ్రలో చాలామందికి ఇంకా తీరలేదు.

విప్లవ గీతాల వంగపండుకు ఆధ్యాత్మిక శీర్షికలో చోటేమిటని అడిగేవారుంటారు. ఎదుటివారి సుఖదుఃఖాలను తనవిగా చూసేవాడే యోగుల్లో శ్రేష్ఠుడని గీత ఆరో అధ్యాయంలో భగవానుడు చెప్పాడు. పెదబొండపల్లిలో 1943లో పుట్టి, విశాఖ షిప్‌యార్డులో కార్మికుడిగా పనిచేసిన ఈ మనిషి యంత్రం మీద పాట కడితే అందులో శ్రామికుడి ఒంటి సత్తువ వినిపించింది. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' సినిమాకెక్కి రాష్ట్రమంతా మారుమోగింది. దాని వెనకున్నది శ్రీకాకుళం కొండల్లోని గిరిజనుల పోరాటం. మన యాసలో, కాళ్లకు గజ్జెలు కట్టి, పరాయివాడి ఆకలిని తన గొంతుతో పలికిన వాడికి గీత చెప్పిన ఆ మాట వర్తించదని నేననలేను.

ఆ శ్రావణంలో మా వైపు ఉభాలు, అంటే వరినాట్లు, సాగుతున్నాయి. మోకాలి లోతు బురదలో వంగి, ఎడమచేత ఆకుకట్ట పట్టుకుని, కుడి బొటనవేలితో మొక్కను మట్టిలోకి నొక్కుతూ ఒక పెద్దావిడ ఆయన పాటే కూనిరాగం తీస్తోంది. గట్టు మీద నన్ను చూసి, "వంగపండు పోనాడట గదా బాబూ" అంది. కొంగుతో కళ్లొత్తుకుంది. మళ్లీ వంగి, ఆగినచోటి నుంచే పాట అందుకుంది.

ఆత్మకు చావు లేదు, ఏడవకండి అని ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. వాల్మీకి మహర్షి పక్షి కోసమే శోకించాడు. కన్నతండ్రి కాకపోయినా, ఒక్కసారైనా దగ్గరగా చూడకపోయినా, మన కష్టానికి గొంతునిచ్చినవాడు పోతే గుండె తరుక్కుపోవడం మోహం కాదు, కృతజ్ఞత.

అయితే కన్నీటితో తీరని బాకీ ఒకటుంది. దేవ ఋణం యజ్ఞంతో, పితృ ఋణం సంతానంతో, ఋషి ఋణం అధ్యయనంతో తీరుతాయని పెద్దలమాట. ఋషి ఇచ్చినదాన్ని నేర్చుకుని, తర్వాతివారికి అప్పజెప్పాలి. పాట కట్టినవాడి బాకీ కూడా ఇలాంటిదేనని నా నమ్మకం. వర్ధంతి నాడు పటానికి దండ వేసి, నాలుగు ఉపన్యాసాలతో సరిపెడితే అది తీరదు. ఆయన పాటలు నోటికొచ్చిన తరం వయసు మీద పడి ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. జముకు వాయించే చేతులూ తగ్గిపోతున్నాయి.

వచ్చే ఆగస్టు 4న మీ ఊరి రామమందిరంలో భజన ముగిశాక మరో పది నిమిషాలు కూర్చోండి. వంగపండు పాట వరస తప్పకుండా వచ్చిన పెద్దవారిని పిలిచి, పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టి, ఒక్క పాటైనా పూర్తిగా నేర్పించండి.