యోసేపు తన ఇష్టముతో వెళ్లెనా?

(పఠనము: ఆది. 37, 39 అధ్యాయములు)

మన గ్రామములనుండి కువైటు మొదలగు దేశములకు ఇంటిపనికై వెళ్లిన స్త్రీలలో కొందరు అక్కడ మోసపోయి, శరీరహింసకు గురియై, వట్టిచేతులతో తిరిగి వచ్చుచున్నారు. కడప, గోదావరి జిల్లాల సంఘములకు ఈ సంగతి క్రొత్త కాదు. అట్టి సహోదరిని చూచి మనలో కొందరు, "తన ఇష్టముతోనే వెళ్లెను గదా, ఎవరేమి చేయుదురు?" అందురు. ఈ మాట న్యాయమైనదా? వాక్యపు వెలుగులో విచారింతము.

తండ్రి పంపగా యోసేపు అన్నల క్షేమము తెలిసికొనుటకు బయలుదేరెను. అంతవరకు అది అతని ఇష్టమే. దోతానులో అన్నలు అతనిని 20 తులముల వెండికి అమ్మివేసిరి. అది అతని ఇష్టము కాదు. బయలుదేరుట వేరు, అమ్మబడుట వేరు. అమ్మినవారు సొంతవారు, సరిహద్దు దాటించినవారు వర్తకులు. ఐగుప్తులో పోతీఫరు భార్య అతనిని పాపమునకు బలవంతపెట్టెను. లోబడనందున అబద్ధపు నేరము మోపగా అతడు చెరసాల పాలాయెను. నేడును గల్ఫు దేశములలో బాధ తాళలేక యజమాని ఇల్లు విడిచిన పనిమనిషి, ఆ యజమాని ఫిర్యాదువలన తానే నేరస్థురాలగుట కలదు.

ఈ విషయములో చట్టము మన నాలుకలకంటె కనికరము గలది. మన రాజ్యాంగపు 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయమును నిషేధించుచున్నది. 2000 సంవత్సరమున ఐక్యరాజ్యసమితి అంగీకరించిన పలెర్మో ఒడంబడికను మన దేశము 2011లో ధ్రువపరచెను. మోసముచేత గాని, బెదిరింపుచేత గాని, దిక్కులేని స్థితిని ఆసరా చేసికొని గాని పొందిన సమ్మతి సమ్మతి కాదని దాని భావము. 2013లో సవరింపబడిన శిక్షాస్మృతి 370వ సెక్షను ఆ మాటనే చెప్పెను. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షనును అట్లే చెప్పుచున్నది. బాధితురాలు ఒప్పుకొన్నదను సాకు న్యాయస్థానములో చెల్లదు. సంఘములో ఏల చెల్లవలెను?

అయితే చట్టము తనంతట తాను నడచి రాదు. 1991లో హైదరాబాదునుండి ఢిల్లీకి పోవు విమానములో ఒక చిన్నపిల్ల ఏడ్చుచుండెను. పెండ్లి పేరున ఆమెను వృద్ధుడైన ఒక అరబ్బు దేశస్థునికి అప్పగించియుండిరి. విమాన ఉద్యోగిని ఒకామె ఆ ఏడ్పునకు కారణమడిగెను. అందువలన పోలీసులు వచ్చిరి, పిల్ల విడిపింపబడెను. చట్టము అంతకుముందే ఉన్నది. అడిగిన నోరు ఆ దినమున దొరికెను.

మన పిల్లను చిక్కడపల్లికో అశోక్ నగరుకో చదువుకై పంపునప్పుడు హాస్టలు ఎట్టిది, వార్డెను ఎవరు అని పదిమార్లు విచారింతుము. సముద్రము దాటు సహోదరి విషయములో అంత విచారణ చేయవద్దా? ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషను కలదా? చేతికిచ్చినది పని వీసాయా, విజిట్ వీసాయా? ఇంటిపనికి పోవు స్త్రీకి ప్రభుత్వము విధించిన 30 ఏండ్లు నిండినవా? సంఘ పెద్దలారా, ఇవి ఆమె వెళ్లకముందు అడుగవలసిన ప్రశ్నలు. తిరిగి వచ్చిన తరువాత "ఎందుకు వెళ్లితివి?" అని అడుగక, ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఆమె కోరినయెడల పోలీసు ఠాణాకు తోడు వెళ్లుదము.

తమ్ముడు వేదనతో బతిమాలినను మేము వినకపోతిమని యోసేపు అన్నలు చాల ఏండ్లకు ఒప్పుకొనిరి (ఆది. 42:21). అట్టి మాట మన నోట రాకుండునట్లు, ప్రభువు మనకు వినెడి చెవులనిచ్చును గాక. ఆమేన్.