ఈ బల్ల ఎవరు చేశారు?

ఇంట్లో ఒక మూల పని బల్ల వేసుకుని, రంపం, ఉలి, చిత్రిక సమకూర్చుకుని, సెలవు రోజుల్లో పీటో పుస్తకాల అలమారో సొంతంగా చేసుకునేవాళ్లున్నారు. పని ముగిశాక వాళ్ల నోట వచ్చే మొదటి మాట, “నేనే చేశాను.” ఆ సంతోషం న్యాయమైనదే. భగవద్గీత పద్ధెనిమిదో అధ్యాయం మాత్రం సరిగ్గా ఆ మాట దగ్గరే మనల్ని ఆపుతుంది. ఏ పని జరగాలన్నా అధిష్ఠానం, కర్త, కరణాలు, రకరకాల చేష్టలు, ఐదోదిగా దైవం కలవాలని కృష్ణుడు లెక్క చెబుతాడు. ఇన్ని ఉండగా తానొక్కడే కర్తననుకునేవాడికి చూపు లేదంటాడు. అలాంటప్పుడు సొంత చేతి పని అహంకారాన్ని పెంచే సాధనం కాదా అని ఎవరైనా అడగవచ్చు. దానికి ఎదురుగా నేను చెప్పదలచుకున్నది ఇది: ఆ ఐదింటి లెక్క ఇంటి వడ్రంగంలో తెలిసినంత స్పష్టంగా మన రోజువారీ పనుల్లో మరెక్కడా తెలియదు.

చెట్టు కొట్టి, కోసి, ఆరబెట్టి ఏళ్లు గడిచినా కర్ర గాలిలోని తేమను పీల్చడం, వదలడం మానదు. నార పొడవునా అది దాదాపు మారదు. అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. ఆ అడ్డంలోనూ తేడా ఉంది. కాండంలోని వలయాల వెంబడి వచ్చే మార్పు, నడిమి నుంచి బెరడు వైపు వచ్చే మార్పుకు చాలా జాతుల్లో సుమారు రెట్టింపు. పలకలు వంగేది ఇందువల్లే. వేసవిలో వదులుగా ఆడిన తలుపు శ్రావణంలో పట్టేసేదీ తేమ వల్లే. బల్ల పైపలకను కింది చట్రానికి ఎటూ కదలకుండా జిగురుతో అతికిస్తే, తేమ ఆరిన ఏ ఎండాకాలంలోనో అది చీలే ప్రమాదముంది. పని తెలిసినవాడు అందుకే స్క్రూకు గుండ్రటి బెజ్జం బదులు కోలగా గాడి తీసి, పలక జరగడానికి చోటు వదులుతాడు. చట్రం తలుపుల్లో నడిమి పలకను జిగురు పెట్టకుండా గాడిలో ఊరకే నిలబెట్టడంలో ఉన్న తెలివి కూడా ఇదే. రాబోయే వానలకు ఆ పనిలో ముందుగానే వాటా ఇచ్చి ఉంచారన్నమాట. నా చేతిలో లేకపోయినా నా పనిలో ఉన్నదాన్ని ఐదో కారణం అనకుండా ఇంకేమనాలి? మిగతావీ ఇంతే. ఉలి మొద్దుబారితే ఎంత పట్టుదలైనా బెజ్జంలో దిగే కుసి సాఫుగా రాదు. చిత్రికను నారకు ఎదురు పడితే పెచ్చులు లేస్తాయి. దిశ మార్చుకోవలసింది మనిషే.

వ్యాఖ్యానాలు చదివినవారు ఇక్కడ అడ్డుపడతారు, పడాలి కూడా. శంకరులు అధిష్ఠానమంటే శరీరమన్నారు, కరణాలంటే ఇంద్రియాలన్నారు. దైవమంటే కంటి వంటి ఇంద్రియాలకు అండగా ఉండే ఆదిత్యాది దేవతలన్నారు. రామానుజులకు ఆ ఐదోవాడు అంతర్యామి అయిన పరమాత్మ. గాలిలోని తేమను దైవమనడం వీరిద్దరి అర్థమూ కాదని ఒప్పుకుంటాను. తేమ దేవుడని నేను అనడం లేదు. ఇద్దరు ఆచార్యులూ వేర్వేరు దారుల్లో చూపినది ఒకటుంది: కర్త వశంలో లేనిది కూడా కర్మలో భాగమే. అది సిద్ధాంతంగా వింటే తల ఊపి వదిలేస్తాం. సొంతంగా బిగించిన పలక చీలినప్పుడు వదిలేయలేం.

జార్జ్ నకషిమా పని దీనికి మంచి సాక్ష్యం. 1905లో అమెరికాలో పుట్టిన ఈ జపనీయ మూలాల వాస్తుశిల్పి, 1930ల చివర్లో పుదుచ్చేరిలో అరవిందాశ్రమం గోల్కొండ భవనం కట్టడానికి వచ్చి, ఆశ్రమవాసిగా సుందరానంద అనే పేరు పొందాడు. యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం అతన్ని ఐడహోలోని నిర్బంధ శిబిరంలో పెట్టినప్పుడు, అక్కడే ఒక జపాన్ వడ్రంగి దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత పెన్సిల్వేనియాలో అతను చేసిన బల్లల్లో పలక పగులును కోసి పారేయలేదు. అది మరింత సాగకుండా సీతాకోకచిలుక ఆకారపు కర్ర ముక్క అడ్డంగా దించి, పగులును పైకే కనబడనిచ్చాడు. బల్ల అంచును చెట్టు ఇచ్చిన వంపుతోనే ఉంచాడు. అవి నకషిమా బల్లలని చూడగానే తెలుస్తుంది, చెట్టుదీ పని ఉందనీ తెలుస్తుంది. కర్తృత్వంలో వాటా వదులుకోవడం వల్ల పనితనం పలచబడదని ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

ప్లైవుడ్‌తో పనిచేసేవారికి ఇదంతా వర్తించదు కదా అంటే, కొంతవరకు నిజమే. పొరలను నార దిశ మార్చి ఒకదానికొకటి అడ్డంగా అతికించడం వల్ల ప్లైవుడ్‌లో ఆ కదలిక చాలావరకు అణగిపోతుంది. అక్కడ పాఠం పలచగానే ఉంటుంది.

గట్టి ఆక్షేపణ వేరే ఉంది. ఐదుగురిలో నేనొకణ్ణే అయితే, కీలు వదులైనందుకు బాధ్యత ఎవరిది? గీత కర్తను ఆ పట్టికలోంచి కొట్టేయలేదు. ఐదింట్లో ఒకటిగా ఉంచింది. తేమ సంగతి తెలిసీ గాడి తియ్యకపోతే తప్పు తేమది కాదు. తన వాటా ఎంతో తెలిసినవాడే దాన్ని పూర్తిగా చేయగలడు.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది కులం ప్రశ్న. మన ఊళ్లలో తలుపులు, నాగళ్లు, బండిచక్రాలు చేసిన వడ్రంగుల పేర్లు చాలావరకు ఎక్కడా రాసిపెట్టలేదు. నువ్వు కర్తవు కావన్న మాటను వాళ్లకు తత్వం చెప్పలేదు, సమాజం చెప్పింది. సరదాగా ఉలి పట్టిన ఉద్యోగి అదే మాటను ఆధ్యాత్మిక సాధన అంటే ఆ ఇళ్లవాళ్లకు కోపం రావడం ధర్మమే. ఈ ఉపదేశం ఎవరి పనికి వారు తమకు తామే చెప్పుకోవలసినది. ఇంకొకరి పేరు తీసేయడానికో, కూలి తగ్గించడానికో పనికిరాదు. అసలు ఒక్క కుసిని చేత్తో సరిగ్గా దించడానికి ఎంత పొద్దు పోతుందో తెలిసినవాడు వడ్రంగి దగ్గర బేరమాడటానికి వెనకాడతాడు. తాను కూర్చున్న కుర్చీని ఎవరు చేశారో అడిగి తెలుసుకుంటాడు.